ఒకే కేసులు, రెండు జవాబులు: తప్పు ఎక్కడ?

డెంగీ కేసుల పట్టిక ఒక్కటే. ఇద్దరు పరిశోధకులు దానిని రెండు సాఫ్ట్‌వేర్లలో విశ్లేషించి వేర్వేరు ఫలితాలు ప్రకటిస్తే పాఠకుడు ఎవరిని నమ్మాలి? నా అభిప్రాయంలో దోషం సాధారణంగా కంప్యూటరుది కాదు. పరిశోధకులు చెప్పకుండా వదిలేసిన ఎంపికలది.

పాతబస్తీలోని జహనుమాలో ఐదు వారాల కేసులు ఇలా ఉన్నాయని ఊహించుకుందాం: 0, 0, 1, 0, 9. సగటు 2. హెచ్చుతగ్గులను కొలిచే 'విస్తృతి' మాత్రం 15.5. ఇటువంటి లెక్కింపు సంఖ్యలకు మొదట వాడే పాయిసాన్ పద్ధతి ఈ రెండూ సమానమని భావిస్తుంది. కాని ఒక ఇంటి నీటితొట్టిలో పెరిగిన ఏడిస్ దోమలు చుట్టుపక్కల పలువురిని కుడతాయి. కేసులు గుంపులుగా వస్తాయి. అందువల్ల అదనపు హెచ్చుతగ్గులకు చోటిచ్చే నెగెటివ్ బైనామియల్ పద్ధతిని ఆశ్రయిస్తారు. తేడాలు ఎక్కువగా ఇక్కడే తలెత్తుతాయి.

కొన్ని తేడాలు పైపైనవే. హెచ్చుతగ్గుల సూచికను స్టాటా 2గా చూపితే, ఆర్ భాషలోని మాస్ ప్యాకేజీ దాని విలోమాన్ని, అనగా 0.5ను చూపుతుంది. పోలికకు ఆధారంగా ఆర్ మొదటి వర్గాన్ని, ఎస్‌పీఎస్‌ఎస్ చివరి వర్గాన్ని తీసుకొంటాయి. 'వానాకాలపు కేసులు వేసవికి మూడు రెట్లు' అన్నా, 'వేసవి కేసులు వానాకాలంలో మూడో వంతు' అన్నా సత్యం ఒక్కటే.

అపాయకరమైన తేడా వేరొకటి ఉన్నది. స్టాటా, ఆర్‌లలో ఇందుకు వాడే ఆదేశాలు ఆ సూచికను మన సంఖ్యల నుంచే అంచనా కడతాయి. ఎస్‌పీఎస్‌ఎస్ మెనూలోని సిద్ధ ఎంపిక, పైథాన్ స్టాట్స్‌మోడల్స్‌లోని జీఎల్‌ఎం మాత్రం మనం మార్చనంతవరకు దానిని 1గా స్థిరపరుస్తాయి. దానితో ఫలితంపై ఉండవలసిన అనిశ్చితి కొలతే మారిపోతుంది. 'గణాంకపరంగా సార్థకం' అన్న ముద్ర పడవచ్చు, పోవచ్చు. దోమల నివారణ బృందాన్ని ముందుగా ఎక్కడికి పంపాలో ఆ ముద్రను చూచి నిర్ణయిస్తే, నష్టపోయేది నిజంగా జ్వరాలు పెరుగుతున్న బస్తీ.

వైద్యుడు మందు పేరు వ్రాసి మోతాదు వ్రాయకపోతే ఆ చీటీ అసంపూర్ణం. పరిశోధకుడు కూడా సాఫ్ట్‌వేరు పేరు, వెర్షను, పద్ధతి, ఆధార వర్గం, సూచిక అంచనా కట్టినదా స్థిరపరచినదా అన్న వివరం, జనాభాను పరిగణించిన తీరు వెల్లడించాలి. అవి లేని ఆరోగ్య వార్త ఎంత ఘనమైన అంకెలతో వచ్చినా, ఈ జవాబు ఏ షరతులపై వచ్చిందని మనం అడిగి తీరాలి.