రెండవ పోటు ఎక్కడిది?

"జీవితంలో ఆటుపోట్లు సహజం" అనే వాక్యం రాయని విద్యార్థి మన కళాశాలలో లేడంటే అతిశయోక్తి కాదు. వ్యాసరచన పోటీలో అది తప్పక కనిపిస్తుంది, వక్తృత్వపు పోటీలో తప్పక వినిపిస్తుంది. ఉర్దూ చదివే మిత్రులు కూడా ఇందుకు మినహాయింపు కారు. వారి "మద్దో జజర్" మన ఆటుపోట్లే. అల్తాఫ్ హుస్సేన్ హాలీ 1879లో ప్రకటించిన సుప్రసిద్ధమైన ముసద్దస్ పూర్తి పేరులోనే ఆ మాట ఉన్నది. రెండు భాషలూ సముద్రం నుండి ఒకే ఉపమానాన్ని తెచ్చుకున్నాయి. తెచ్చుకున్న తరువాత మనం సముద్రాన్ని మరచిపోయామేమోనని నా అనుమానం.

ఒకనాడు తరగతిలో ఈ మాట వచ్చినప్పుడు "పోటు అంటే ఏమిటి?" అని అడిగాను. "కష్టాలు" అన్నారు కొందరు. "కాదు, సుఖాలు" అన్నారు మరికొందరు. వెనుక వరుసలో ఎన్నడూ నోరు మెదపని ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. అతనిది చేపలవేటతో బ్రతికే కుటుంబం.

"పోటంటే నీరెక్కుద్ది మాస్టారూ. పాటంటే నీరు తీసేస్తదండి. పాటుకి పడవ మొగలోంచి బయటికెళ్ళుద్ది, పోటుకి లోపలికొస్తది. రోజుకి రెండేసిసార్లండి" అన్నాడు.

"రెండుసార్లు ఎందుకు?" అన్నాను. అతడు తల వంచుకున్నాడు. భౌతికశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకునే మరొక విద్యార్థి "చంద్రుని ఆకర్షణ వల్ల" అని ఠక్కున చెప్పాడు. "చంద్రుడు ఒక్కడే గదా! రోజుకు ఒక్కమారే గదా నడినెత్తికి వచ్చేది? మరి రెండవ పోటు ఎక్కడిది?" అన్నాను. తరగతి నిశ్శబ్దమైనది. నిజం చెప్పవలెనంటే, ఆనాటికి ఆ సమాధానం నాకూ తెలియదు. తరువాత ఒక భౌతికశాస్త్ర అధ్యాపక మిత్రుని వెంటబడి తెలుసుకున్నాను.

చంద్రుడు నీటిని పైకి లాగుతాడన్నది సగం సమాధానం మాత్రమే. చంద్రుడు మనకు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. భూమి వ్యాసం సుమారు 12,750 కిలోమీటర్లు. దూరం పెరిగినకొద్దీ ఆకర్షణ తగ్గుతుంది గనుక చంద్రునివైపున ఉన్న నీటి మీద ఆ లాగుడు ఎక్కువ, భూమి నడిభాగం మీద కొంత తక్కువ, ఆవలివైపు నీటి మీద మరింత తక్కువ. ముగ్గురు ఒకే దారిన పరుగెత్తుతున్నారనుకోండి. ముందువాడు వడిగా, నడిమివాడు ఒక మోస్తరుగా, వెనుకవాడు నెమ్మదిగా పరుగెత్తితే, నడిమివాని కంటికి ఒకడు ముందుకు సాగిపోతున్నాడు, ఒకడు వెనుకబడిపోతున్నాడు. ఇద్దరూ అతనికి దూరమవుతున్నారు. భూమితోపాటు సాగే మనం ఆ నడిమివాని వంటివారం. అందుచేత నీరు రెండు వైపులా ఉబికినట్లు మనకు కనిపిస్తుంది. ఆవలివైపున ఉబికిన ఆ నీరే రెండవ పోటు.

భూమి తన చుట్టూ తాను తిరిగేలోగా చంద్రుడు కూడా కొంత ముందుకు జరుగుతాడు. కనుక మన తీరం మరల చంద్రునికి ఎదురుగా రావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. పోటుకూ పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఈ రోజు వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా రావడానికి కారణం ఇదే.

సూర్యుని సంగతి మరింత విచిత్రమైనది. భూమి మీద సూర్యుని ఆకర్షణ చంద్రుని ఆకర్షణకు సుమారు 180 రెట్లు. అయినా పోటును కలిగించే శక్తిలో సూర్యుడు చంద్రునిలో సగానికి కూడా చాలడు. ఏల? పోటును కలిగించేది ఆకర్షణ కాదు, ఆకర్షణలోని తేడా. సూర్యుడు చంద్రుని కంటె సుమారు 390 రెట్లు దూరంలో ఉన్నాడు. అంత దూరం నుండి లాగేవానికి భూమి ఈవలి ఒడ్డుకూ ఆవలి ఒడ్డుకూ భేదం అత్యల్పం. అమావాస్యకు, పున్నమికి ముగ్గురూ ఒకే వరుసలో నిలుస్తారు గనుక సూర్యచంద్రుల బలాలు కలిసి పోటు పెద్దదవుతుంది. అష్టమి ప్రాంతంలో ఇద్దరూ చెరొక దిక్కుకు లాగడం వల్ల అది చిన్నదవుతుంది. రంజాను నెలవంక కోసం మనం మేడలెక్కి పడమటి ఆకాశాన్ని వెదికే సాయంత్రం, సముద్రం కూడా పెద్ద పోటు మీదనే ఉంటుంది.

ఇంతటితో సర్వం తెలిసిపోయినదని భావించరాదు. సముద్రానికి ఖండాలు అడ్డు నిలుస్తాయి, లోతులు ఒక్క తీరున ఉండవు. విశాఖ తీరాన పెద్ద పోటుకు నీరు ఎక్కి దిగేది సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్లకు మించుతుంది. చంద్రుడు ఒక్కడే అయినా, అతని లాగుడుకు నీరు ఎంత ఎక్కవలెనో తీరపు రూపురేఖలు కూడా నిర్ణయిస్తాయి.

"ఎప్పుడు" అన్నది తెలియడం వేరు, "ఎందుకు" అన్నది తెలియడం వేరు. సుమారు 1030లో అల్ బీరూనీ మన దేశాన్ని గురించి రాసిన గ్రంథంలో సోమనాథ తీరపు పోట్లను ప్రస్తావించాడు. ఇక్కడి విద్వాంసులు చంద్రుని ఉదయాస్తమయాలను బట్టి రోజువారీ పోట్లను, వృద్ధిక్షయాలను బట్టి నెలవారీ మార్పులను గుర్తించగలరనీ, వాటి కారణం మాత్రం వారికి తెలియదనీ రాశాడు. ఆ మాటను ఎవరూ నింద అనుకోనక్కరలేదు. ఆ కాలాన అసలు కారణం ఏ దేశంలోనూ పూర్తిగా తెలియదు. ఆరు శతాబ్దాల తరువాత గెలీలియో అంతటివాడు 1632 నాటి తన గ్రంథంలో చంద్రుని ప్రమేయాన్ని తోసిపుచ్చి, భూమి కదలికల వల్ల నీరు తొణుకుతున్నదని వాదించాడు. అతని సిద్ధాంతం ప్రకారం సహజంగా రోజుకు ఒక్క పోటే రావలె. రెండవ పోటు వద్ద ఆ మహామేధావి కూడా తడబడ్డాడు. 1687లో న్యూటన్ గురుత్వాకర్షణ సిద్ధాంతం వచ్చేదాకా ఆ ముడి వీడలేదు.

తెలుగు చెప్పుకునేవానికి ఈ లెక్కలెందుకని అడిగేవారుండవచ్చు. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్నది. అది అమావాస్య కాదు, పున్నమి కాదు. అమావాస్య గడిచి ఎనిమిది రోజులైనది. చంద్రుని లెక్కన అది చిన్న పోట్ల కాలం. సముద్రం అమావాస్యకు, పున్నమికి మాత్రమే పొంగుతుందని నమ్మినవారెవరైనా ఉంటే, ఆ నమ్మకం వారిని కాపాడలేదు. ఉప్పెన చంద్రుడు చేసే పని కాదు. తుపాను గాలి నీటిని తీరం మీదికి నెట్టుకువచ్చినప్పుడు పుట్టేది. అయితే అదే ఉప్పెన పెద్ద పోటు వేళకు వస్తే, ఎత్తు మీద ఎత్తు కలుస్తుంది. నేటి తుపాను హెచ్చరికలలో "మామూలు పోటుకు పైన ఇన్ని మీటర్లు" అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. పోటును "కష్టాలు" అని మాత్రమే ఎరిగినవాడు ఆ హెచ్చరికను చదివి కూడా చదవనివాడే.

నా అభిప్రాయం ఇది. వెనుక వరుస విద్యార్థికి పోటు తెలుసు, పాటు తెలుసు, వేళలు తెలుసు. కాని అతని జ్ఞానం పరీక్షకు పనికివస్తుందని ఎవరూ అతనికి చెప్పలేదు. ముందు వరుస విద్యార్థికి "ఆకర్షణ" అనే మాట తెలుసు. అతడు సముద్రం వైపు తిరిగి చూడలేదు. ఇద్దరూ ఒకే గదిలో ఉండి కూడా పరస్పరం అపరిచితులు. వారిద్దరినీ ఒక బల్ల మీద కూర్చోబెట్టలేని చదువు ఎన్ని పట్టాలిచ్చినా సగం చదువే. ఈ లోపానికి ఉపాధ్యాయులమైన మేమే ముందుగా బాధ్యులం. వచ్చిన సగం సమాధానానికి మార్కులు వేసి, రెండవ ప్రశ్న అడగకుండా గంట కొట్టగానే వెళ్ళిపోతున్నది మేమే.

నేను నేర్చుకున్నదంతా మరుసటి వారం ఆ తరగతిలో చెప్పాను. ముగించి పుస్తకం మూయబోతుండగా వెనుక వరుస నుండి మరల ఆ గొంతు వినిపించినది.

"మరి మా ఊరి చెరువులో పోటెందుకు రాదండి మాస్టారూ?"

విద్యార్థి మిత్రులారా, దానికి సమాధానం ఈ వ్యాసంలోనే ఉన్నది. వెదకి చూడండి. దొరికిన తరువాత దాని మీద మరొక ప్రశ్న వేయండి.