అరువది రేకుల కాగితపు బంతి

మొన్న గుడివాడలో బంధువుల యింట ఒక చిన్నబాలిక పాత క్యాలెండరు కాగితమును నలుచదరముగ కత్తిరించుకొని, కర్ణము వెంట మడచి, త్రికోణపు రెండు కొసలను శిఖరమునకు జేర్చి, ఆ రెక్కలను మరల వెలుపలి యంచువఱకు మడచి, వాని లోనికి వ్రేలు దూర్చి విప్పి యదిమి, మిగిలిన మొనలను లోనికి ద్రిప్పి, ప్రతి మడతను బొటనవ్రేలి గోటితో రాచి, కడపట రెండంచులను బంకతో నతికి యొక రేకును సిద్ధముచేయుట గడియసేపు చూచుచు కూర్చుంటిని. ఇట్టి రేకులైదు కూడిన నొక పువ్వు. పువ్వులు పండ్రెండు కూడిన నొక బంతి. వెరసి 60 చదరములు. జపానువారు దీనిని కుసుదామ యందురు. పూర్వము మూలికలను, పరిమళద్రవ్యములను కూర్చి వ్రేలాడగట్టిన మందుబంతి పేరది.

ఈ పనికి మన కృష్ణా తీరపు బడులలో వారమున కొక గంట కేటాయింపవలయునని నా మనవి. ఒకే మడతను అరువదిమార్లు మడచుట విసుగుపని యనువారితో నేనేకీభవింపను. చదరము నూలువాసి తప్పిన నేమి యని మొదటి రేకునాడు తోచును. ఐదింటిని చేర్చి యతికించునపు డా తప్పే పువ్వు నడుమ సందై కనబడును. కొలత యనగా నేమో ఆ సందు నేర్పినట్లు నల్లబల్ల నేర్పజాలదు. 1893లో మదరాసున ప్రకటితమైన గ్రంథమున టి. సుందరరావుగారు, కిండర్‌గార్టెను పిల్లల మడతలనుండి స్ఫూర్తి గొని, రేఖాగణితమును కాగితపు మడతలతోనే సాధించి చూపిరి.

బందరున 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకవిద్యకు చేతిపనిని తోడుచేసినది. ఆ చెంతనే పెడనలో నేటికిని కలంకారీ అద్దకమువారు ఒకే దిమ్మెను బారెడు వస్త్రముపై వరుస తప్పక మరల మరల నొత్తుచున్నారు. వారి బిడ్డల కీ యోపిక పరాయిది గాదు.

కొనవలసినదియు నేమియు లేదు. వ్రాసి ముగించిన నోటుపుస్తకపు పుటలు చాలును. ముందే కత్తిరించి పెట్టెలలో నమ్ము ముక్కలు మాత్రము వలదు, చదరము తీయుటయే సగము విద్య గనుక. వార్షికోత్సవమునకు ప్లాస్టికు దండలు కొని మఱునాడు కాలువలో పారవైచిన బడి నొకదాని నేనెఱుగుదును. ఆ కాలువ నీరే దివిసీమలో చివరి చేలకు పోవలెను.

ఆ బాలిక నాల్గవ రేకును వెలుతురున కెత్తి చూచి, “తాతయ్యా, ఇది వంకరపోయింది, మళ్ళీ మడుస్తాను” అని విప్పుకొనినది.