తప్పు కాయిల్‌ది కాదు!

కార్తీకం వచ్చిందంటే తిరుపతిలో ఉతికిన బట్టలకు కష్టకాలమే. కొండ మీద మబ్బు దిగుతుంది, ముసురు పట్టుకుంటుంది. దండెం మీది స్కూలు యూనిఫాం మూడో రోజుకీ తడితడిగానే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో మనకిది మామూలే. 2021 నవంబరులో అయితే వీధులే ఏరులయ్యాయి. ఆ వానల తర్వాతే మా ఇంటికి డ్రయ్యర్ వచ్చింది.

నిరుడు సరిగ్గా ముసుర్లోనే అది మొరాయించింది. తిరుగుతోంది కానీ వేడి లేదు. పిలిస్తే వచ్చిన కుర్రాడు వెనక రేకు విప్పి, ‘‘ఫ్యూజు పోయింది సార్, డైరెక్ట్ చేసేశా’’ అని పది నిమిషాల్లో పని ముగించాడు. ఖర్చు తక్కువేనని సంబరపడ్డాం. నాలుగో రోజు తువ్వాలు తీస్తే అంచు గోధుమరంగుకు తిరిగి ఉంది. ఇల్లంతా కమురు వాసన!

ఈసారి అనుభవమున్న పెద్దాయన్ని పిలిచాం.

‘‘కాయిల్ మార్చాలా నాయనా?’’ అడిగింది అమ్మ.

‘‘కాయిల్ నిక్షేపంగా ఉందమ్మా. దానికి గాలే ఆడ్డంలే’’ అంటూ ఆయన వెనక గొట్టం ఊడదీసి చూపించాడు. జల్లు పడుతోందని మిషన్‌ను గోడకు జరిపాం కదా, గొట్టం నలిగిపోయింది. లోపల గుప్పెడు దూదిపీచు!

డ్రయ్యర్‌లో వేడి పుట్టించేది నిక్రోమ్ తీగ చుట్ట. ఫ్యాన్ లాగే గాలి దాని మీదుగా పోతూ ఆ వేడిని బట్టలకు మోసుకెళుతుంది. గాలి దారి మూసుకుపోతే వేడి అక్కడే పోగుపడుతుంది. మామూలుగా థర్మోస్టాట్ కాయిల్‌ను ఆపుతూ, మళ్లీ వెలిగిస్తూ ఉంటుంది. వేడి హద్దు దాటితే థర్మల్ ఫ్యూజు తెగి కాయిల్‌కు కరెంటు ఆపేస్తుంది. అంటే ఫ్యూజు పోవడం జబ్బు కాదు, జబ్బు ఉందని చెప్పే గుర్తు. దాన్ని డైరెక్ట్ చేయడమంటే... కుక్కర్ సేఫ్టీ వాల్వు పోతే ఆ కన్నంలో బోల్టు బిగించడమే!

ఇది చిన్న విషయం కాదు. మన పిల్లలెందరో ఉంటున్న అమెరికాలో డ్రయ్యర్ ఇంటింటి వస్తువు. 2008-10 మధ్య అక్కడ నివాస భవనాల్లో ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు డ్రయ్యర్ల వల్లే జరిగాయని ఆ దేశపు ‘యు.ఎస్. ఫైర్ అడ్మినిస్ట్రేషన్’ అంచనా. కారణాల్లో మొదటిది శుభ్రం చేయకపోవడం, 34 శాతం.

మరి మనం ఏం చేయాలి?

ఆరబెట్టిన ప్రతిసారీ జాలీ ఫిల్టర్‌లోని పీచు తీసేయండి. బయటికి గొట్టం ఉన్న రకమైతే మిషన్ నడుస్తుండగా దాని చివర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చటి గాలి బలంగా తగలాలి. గంటలో ఆరే బట్టలు గంటన్నర తీసుకుంటుంటే అదే తొలి హెచ్చరిక. గొట్టం విప్పేముందు ప్లగ్గు తీసేయడం మరవద్దు. ఉతికి ఆరబెట్టే జంట మిషన్లలో ఆరబెట్టే సామర్థ్యం ఉతికేదానికన్నా తక్కువ, కుక్కి నింపకండి.

దీపావళి తలంటు తువ్వాళ్ల సంగతి మరీ ముఖ్యం. నూనె పూర్తిగా వదలని బట్ట వేడికి దానంతటదే రాజుకోవచ్చు. అలాంటివి దండెం మీదే ఆరనివ్వండి.

గాలి బాగా ఆడుతున్నా వేడి ఎక్కువవుతుంటే థర్మోస్టాట్ అతుక్కుపోయి ఉండొచ్చు, కాయిల్ సాగి రేకుకు తగులుతుండొచ్చు. ఆ పని మల్టీమీటర్ పట్టిన మెకానిక్‌ది. ఆయన ‘డైరెక్ట్’ అంటే మాత్రం ఒప్పుకోకండి. అదే రేటింగ్ ఉన్న కొత్త ఫ్యూజే వేయించండి.

మా పెద్దాయన కొత్త ఫ్యూజు వేసి, గొట్టం మార్చి, మిషన్‌ను గోడకు జానెడు దూరం జరిపాడు. కాయిల్‌కని తీసిపెట్టిన డబ్బు మిగిలింది. కానీ ఆ నాలుగు రోజులూ రాత్రి డ్రయ్యర్ వేసి నిశ్చింతగా నిద్రపోయామని గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.