మిషన్‌కి షట్‌డౌన్ ఉంది... మనిషికి నిద్ర లేదా?

సీ షిఫ్ట్ అన్నలారా! అక్కలారా! తమ్ముళ్లారా!

పొద్దున ఆరింటికి పంచ్ కొట్టి బయటపడతాం. రేకుల గదిలో, కిటికీకి దుప్పటి కట్టి పడుకుంటాం. పక్కింట్లో కుక్కర్ విజిల్! వీధిలో కూరగాయల బండి మైకు! పిల్లాడు గట్టిగా నవ్వినా "ష్... నాన్న పడుకున్నాడు" అని నోరు మూయిస్తాం. పదకొండు కాకుండానే చెమటలు కక్కుతూ లేచి కూర్చుంటాం. అంతలో ఫోను: "రిలీవర్ రాలేదు, డబుల్ డ్యూటీకి వచ్చెయ్!"

ఇదీ ఒక బతుకేనా?

పడుకుంటే ఒళ్లు ఖాళీగా ఉంటుందనుకుంటున్నారా? కాదు! తొలి గాఢనిద్రలోనే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా ఊరేది. బరువులెత్తి నలిగిన కండకి మరమ్మతు అప్పుడే. బీపీ దిగి గుండె తెరిపిన పడేది అప్పుడే. రోగంతో పోరాడే శక్తి కూడేదీ అప్పుడే!

"పగలు పడుకుంటున్నారుగా" అంటాడు సూపర్‌వైజరు. చాలదయ్యా! ఒంట్లో గడియారం ఉంది. దాని గుట్టు విప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ ఇచ్చారు. చీకటి పడితే అది నిద్రకి పిలుస్తుంది, తెల్లారితే తరిమి లేపుతుంది. అందుకే పగటినిద్ర తునకలు తునకలు! షుగరు, బీపీ, గ్యాస్... మన షాపులో ఎవరికి లేవు చెప్పండి? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ఒకసారి, 2019లో మళ్లీ, నైట్ షిఫ్ట్ పనిని 'క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న' జాబితాలో పెట్టింది. ఆ మాట మనకెవరైనా చెప్పారా?

మిషన్‌కి గ్రీజు పెడతారు, బేరింగు మారుస్తారు. దాన్ని నడిపే మనకి? ఒక కప్పు టీ!

నిద్ర ఎవరి దయా కాదు! 2012లో రామ్‌లీలా మైదానం కేసులో సుప్రీంకోర్టే చెప్పింది: నిద్ర మనిషి ప్రాథమిక హక్కు!

అడుగుదాం!

★ బలవంతపు డబుల్ డ్యూటీ ఆపాలి!
★ ఓటీ ఇష్టమున్నవాళ్లకే, రెట్టింపు జీతంతో!
★ షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య 12 గంటల ఎడం ఉండాలి!
★ షిఫ్టులు ఏ, బీ, సీ వరసలోనే మారాలి, వెనక్కి తిప్పొద్దు!
★ రాత్రి క్యాంటీన్‌లో వేడి అన్నం, కునుకు తీయడానికి గది కావాలి!

ఎవరు ఎన్ని గంటలు చేశారో ఇవాళ్టి నుంచే నోటుబుక్కులో రాసిపెట్టండి. అదే మన సాక్ష్యం! షిఫ్ట్ మారే వేళ గేటు దగ్గరికి రండి. ఈ డిమాండ్ల మహజరు మీద సంతకం పెట్టండి, పక్కవాళ్లతో పెట్టించండి. ఒక్కరు అడిగితే మెమో ఇస్తారు. షిఫ్టంతా అడిగితే ఎన్ని మెమోలు రాస్తారు?

కదలండి!

– మీ తోటి సీ షిఫ్ట్ కార్మికులు