‘పి’లో పెట్టి దిగిపోకండి

ముందు చెప్పాల్సింది ముందే చెబుతున్నాం. మీ ఇంటి ముందు ఆల్-వీల్-డ్రైవ్ క్రాసోవర్ ఉంటే ఇవాళ్టి నుంచే ఒక పని మానకుండా చేయండి. బండి ఆపినప్పుడు కాలు బ్రేకు మీదే ఉంచి, పార్కింగ్ బ్రేకు వేసి, ఆ తర్వాతే గేరు ‘పి’లోకి మార్చండి. నేల చదునుగా ఉన్నా సరే, రెండు నిమిషాల్లో తిరిగొస్తామనుకున్నా సరే. ఎందుకో కింద వివరించాం. అది చదివే తీరిక ఇప్పుడు లేకపోతే, ఈ ఒక్క మాటైనా ఇంట్లో బండి నడిపే అందరికీ చెప్పండి.

అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో మనవాళ్లు బండి కొనేటప్పుడు మొదట అడిగేది ఏడబ్ల్యూడీ (ఆల్-వీల్-డ్రైవ్) ఉందా అని. మిషిగన్, ఇల్లినాయ్, ఒహాయోలకు చదువుకోవడానికి వచ్చిన పిల్లలు నలుగురు కలిసి డబ్బులు వేసుకుని, లక్ష మైళ్లు తిరిగేసిన ఫోర్డ్ ఎస్కేపో జీప్ చెరొకీయో కొంటారు. ‘మంచులో జారదు, భయపడకండి’ అని ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్లో ధైర్యం చెబుతారు. ఆ ధైర్యంలో సగమే నిజం. నాలుగు చక్రాలకూ శక్తి అందితే బండి మంచులోంచి కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది. ఆగడానికి మాత్రం ఆ ఏర్పాటు సాయపడదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, మంచు మీద ఎంత దూరంలో ఆగుతామన్నది టైర్లు తేలుస్తాయి. ఈ సంగతి చాలామంది చెప్పారు, మళ్లీ మళ్లీ చెప్పాలి కూడా. ఈసారి మా ఆందోళన ఇంకొక దాని గురించి. శక్తిని నాలుగు చక్రాలకూ పంచే భాగాలే చడీచప్పుడు లేకుండా చెడిపోతున్నాయి.

క్రాసోవర్లలో ఎక్కువ భాగం పుట్టుకతో ముందు చక్రాల బళ్లే. ఇంజను అడ్డంగా కూర్చుంటుంది, గేరుబాక్సు దాని పక్కనే ఉంటుంది. వెనక చక్రాలకు కూడా శక్తి పంపాలంటే గేరుబాక్సుకు ఇంకో చిన్న పెట్టె తగిలించాలి. దాన్ని పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్ అంటారు, షెడ్లలో పీటీయూ అంటే చాలు. అడ్డంగా తిరిగే శక్తిని అది నిలువుగా మళ్లించి, బండి కింద పొడవుగా సాగే షాఫ్టు ద్వారా వెనక్కి పంపుతుంది. పాత జీపుల్లో ఈ పని చేసే ట్రాన్స్‌ఫర్ కేసుకు కావలసినంత చోటు, గాలి ఉండేవి. క్రాసోవర్‌లో ఈ పెట్టెను ఇరుకులో, చాలా బళ్లలో నిప్పులా కాలే ఎగ్జాస్టు పక్కనే, కుదించి పెట్టారు.

ఫోర్డ్ ఎడ్జ్, 2011 నుంచి 2019 వరకు వచ్చిన ఎక్స్‌ప్లోరర్, వాటి తోబుట్టువులైన లింకన్ బళ్లలో జరిగిందేమిటో చూడండి. వాటి పీటీయూలో పట్టే గేరు ఆయిల్ దాదాపు అర లీటరు. అదే బండి ఇంజనుకు ఐదారు లీటర్లు పోస్తారు, దాన్ని వేళకు మారుస్తారు. ఈ అర లీటరును మాత్రం సాధారణ వాడకంలో మార్చనక్కర్లేదని కంపెనీ పుస్తకంలో రాసింది. తొలి మోడళ్లలో ఆయిల్ దించే బోల్టు కూడా పెట్టలేదు, పోసే రంధ్రంలోంచే పంపుతో లాగాలి. పక్కనున్న క్యాటలిటిక్ కన్వర్టర్ వేడికి ఆయిల్ ఉడికి ఉడికి నల్లబడుతుంది, మడ్డి కడుతుంది, చివరికి గేర్లకు అంటుకున్న తారులా మిగులుతుంది. సీళ్లు ఎండి కారడం మొదలవుతుంది. అర లీటరులో కాస్త కారినా మిగిలేది ఎంత? లోపల బేరింగులు, గేర్ల పళ్లు వట్టిగా రాసుకుంటూ తిరుగుతాయి. ఫోర్డ్ ఇచ్చే ఇంజను, గేరుబాక్సుల వారంటీ ఐదేళ్లు లేదా 60 వేల మైళ్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడి చేతికి బండి వచ్చేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అనుభవమున్న మెకానిక్కులు 30 వేల మైళ్లకోసారి ఈ ఆయిల్ మార్చమంటారు. వందల డాలర్లలో తేలిపోయే ఆ పని చేయించకపోతే, తర్వాత వేల డాలర్లు పెట్టి మొత్తం పెట్టెనే మార్చాలి. ‘జీవితాంతం పనికొచ్చే ఆయిల్’ అని ఎవరైనా చెబితే, ఎవరి జీవితమని గట్టిగా అడగండి. వారంటీ ఉన్నంత కాలమే దాని జీవితమైతే, రెండో యజమాని, మూడో యజమాని మోసపోయినట్టే.

ఇది జేబుకు తగిలే దెబ్బ. చెరొకీ విషయంలో అది ప్రాణం మీదికి వచ్చింది.

2014 నుంచి 2017 మోడళ్ల వరకు, రెండు వేగాల పీటీయూ ఉన్న జీప్ చెరొకీలను కంపెనీ 2020లో రీకాల్ చేసింది. ఒక్క అమెరికాలోనే 67 వేలకు పైగా బళ్లు. డ్రైవరు పక్కన ఫోర్-వీల్ ‘లో’ బటన్ ఉంటే మీ బండి ఈ కోవలోకి రావచ్చు. గేరుబాక్సునూ పీటీయూనూ కలిపే చోట ఉండే స్ప్లైన్లు, అంటే ఒకదానిలో ఒకటి ఇమిడే పళ్లు, సరైన గ్రీసు పట్టు లేక అరిగిపోతాయి. పూర్తిగా అరిగాక ఇంజను తిరుగుతున్నా చక్రాలకు శక్తి అందదు, హైవే మధ్యలో బండి చచ్చుబడుతుంది. అంతకంటే భయంకరమైన సంగతి ఆపి ఉంచిన బండిది. ‘పి’లో పెట్టినప్పుడు గేరుబాక్సు లోపల ఒక కొక్కెం పడి షాఫ్టును పట్టుకుంటుంది. ఆ పట్టు చక్రాల దాకా చేరాల్సింది ఈ పళ్ల గుండానే. పళ్లే లేకపోతే కొక్కెం పట్టుకున్నదానికీ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. లివర్ ‘పి’లోనే ఉంటుంది, డాష్‌బోర్డు మీద ‘పి’ అనే వెలుగుతుంది, వాలు మీద బండి మాత్రం కదిలిపోతుంది.

పార్కింగ్ బ్రేకుకు ఈ గొడవ లేదు. అది వెనక చక్రాలనే నేరుగా బిగించి పట్టుకుంటుంది. మధ్యలో ఏ గేరు విరిగినా, ఏ షాఫ్టు ఊడినా దాని పట్టు పోదు. అందుకే దాన్ని మొదట వేయమంటున్నాం.

మనవాళ్ల విషయంలో ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో మాన్యువల్ గేరు బండి మీద డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లకు బండి ఆపగానే చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్రేకు మీదికి పోయేది. ఇక్కడికొచ్చి ఆటోమేటిక్ బళ్లకు అలవాటుపడ్డాక ఆ మంచి అలవాటు నెలల్లోనే పోతుంది. పెద్ద లివర్ పోయి చిన్న మీట వచ్చింది, ఆ మీట ఎక్కడుందో కూడా తెలియకుండా ఏళ్ల తరబడి నడిపేవాళ్లున్నారు. ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మానాన్నలు కూరగాయల సంచులు దించడానికి బండి వెనక నిలబడతారు. పసిపిల్లలు వాలుగా ఉన్న డ్రైవ్‌వే మీదే ఆడుకుంటారు.

2016 జూన్‌లో లాస్ ఏంజిలస్‌లో 27 ఏళ్ల నటుడు ఆంటన్ యెల్చిన్ తన ఇంటి వాలు మీదే, వెనక్కి దొర్లిన సొంత బండికీ ఇటుక స్తంభానికీ మధ్య నలిగి చనిపోయాడు. అది 2015 మోడల్ జీప్ గ్రాండ్ చెరొకీ. అందులోని లోపం వేరు, ‘పి’లో పడిందో లేదో తెలియకుండా గందరగోళపెట్టే గేరు మీట అది. అప్పటికి రెండు నెలల ముందే, ఏప్రిల్‌లో, కంపెనీ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 11 లక్షల బళ్లను ఆ లోపం కోసం రీకాల్ చేసి ఉంది. లోపం ఏదైతేనేం, రెండు టన్నుల బండి వాలు మీద నడిచే తీరు ఒక్కటే. మనిషికి అరుపు వినిపించే వ్యవధి కూడా ఉండదు.

రీకాల్ అయింది, బాగుచేసి ఇచ్చారు అనుకుని నిశ్చింతగా ఉండడానికీ లేదు. చెరొకీలకు 2020లో ఇచ్చిన పరిష్కారం సాఫ్ట్‌వేర్ మార్పు. అరిగే పళ్లను అది కొత్తవి చేయలేదు. 2020–2022 మోడల్ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లలో వెనక యాక్సిల్‌ను బిగించే బోల్టు విరిగి, బండి ‘పి’లో ఉన్నా దొర్లే ప్రమాదముందని 2022 ఏప్రిల్‌లో 2 లక్షల 52 వేలకు పైగా బళ్లను రీకాల్ చేశారు. అక్కడా మొదటి వైద్యం సాఫ్ట్‌వేరే. బోల్టు విరిగితే పార్కింగ్ బ్రేకు దానంతటదే పడేలా చేశారు. అది చాలుతుందా అని 2023లో రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ విచారణ మొదలుపెట్టింది. ఆ ఏడాది అక్టోబరులో కంపెనీ మళ్లీ 2 లక్షల 38 వేలకు పైగా బళ్లను పిలిచి, ఈసారి భాగాలు మార్చడానికి ఒప్పుకుంది. విరిగేది ఇనుము అయినప్పుడు ఇనుమే మార్చాలి. ఆ మాట మొదటి రోజే అనలేకపోయిన కంపెనీనీ, దాన్ని ఏడాదికి పైగా సాగనిచ్చిన వ్యవస్థనూ మేం తప్పుపడుతున్నాం.

టైర్ల సంగతి మరీ మరీ చెప్పాలి, ఎందుకంటే టైర్ల వల్ల వచ్చే లోపం మనం చేతులారా తెచ్చుకునేది. పంక్చరై ఒక టైరు పాడైతే ఒక్కటే కొత్తది వేయించుకుని వచ్చేస్తాం. కొత్త టైరు చుట్టుకొలత ఎక్కువ, అరిగిన టైరుది తక్కువ. ఒక చక్రం ఒకలా, ఇంకో చక్రం ఇంకోలా తిరుగుతుంటే, బండి తిన్నగా పోతున్నా ముందు వెనకలను కలిపే క్లచ్చు ప్రతి క్షణం జారుతూనే ఉంటుంది. జారినకొద్దీ వేడి, వేడెక్కినకొద్దీ అరుగుదల. సుబారు కంపెనీ నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం మించకూడదంటుంది. లెక్క కడితే అది గాడి లోతులో ఒక్క మిల్లీమీటరు తేడా. అందుకే నాలుగూ కలిపి మార్చాలి, అయిదారు వేల మైళ్లకోసారి చక్రాల స్థానాలు మార్పించాలి. డబ్బు లేక ఒక్కటే కొనాల్సి వస్తే, మిగతా వాటి సమానానికి కొత్తదాన్ని చెక్కి ఇచ్చే దుకాణాలున్నాయి, అడగండి. చిన్న స్పేర్ టైరు వేసుకుని వారం రోజులు ఆఫీసుకు తిరగకండి.

ఫోక్స్‌వ్యాగన్, వోల్వో బళ్లలో వెనక ఉండే హాల్డెక్స్ క్లచ్చుకు చిన్న పంపు ఉంటుంది. కొత్త తరం వాటిలో క్లచ్చు పొడి ఆ పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. ఆయిల్ మార్చి జల్లెడ శుభ్రం చేయకపోతే పంపు కాలిపోతుంది. ఆ తర్వాత మీరు నడిపేది ముందు చక్రాల బండే, ఆ సంగతి తొలి మంచుకు గానీ తెలియదు. 2019 నుంచి వచ్చిన టొయోటా రావ్ ఫోర్ హైబ్రిడ్లలో షాఫ్టే లేదు, వెనక మోటారుకు కరెంటు తీగ పోతుంది. రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఆ తీగ కనెక్టరును తుప్పు తినేసిన కేసులు ఎన్నో వచ్చాయి, కంపెనీ వారంటీ పొడిగించింది. ఆ మోడల్ ఉంటే శీతాకాలానికి ముందు బండి ఎత్తించి ఆ కనెక్టరు చూపించండి.

పాత బండి కొనబోతుంటే 17 అక్షరాల విన్ (బండి గుర్తింపు) నంబరు ముందు అడగండి. ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైటులో అది కొడితే పెండింగులో ఉన్న రీకాళ్లు కనిపిస్తాయి. బండి మొదట అమ్ముడైన నాటి నుంచి 15 ఏళ్ల దాకా రీకాల్ పని ఉచితం, ఎన్నో యజమాని అయినా సరే. అయితే రీకాల్ చేయించకుండా పాత బండి అమ్మడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం డీలర్లకు నిషేధించలేదు. అద్దె కార్ల కంపెనీలను 2016 నుంచి కట్టడి చేసిన చట్టం, పాత కార్ల అంగళ్లను వదిలేసింది. ఈ కన్నం పూడ్చమని మీ ప్రతినిధులకు ఉత్తరం రాయండి. రీకాల్ కాగితాలు రిజిస్ట్రేషన్‌లో ఉన్న చిరునామాకే వస్తాయి. ఏటా అపార్ట్‌మెంటు మారే విద్యార్థికి అవి చేరవు, కాబట్టి ఆరు నెలలకోసారి తానే చూసుకోవాలి. కొనే ముందు పార్కింగ్ లాట్‌లో స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి. బండి పట్టేసినట్టు కుదుపులు, గుర్రుమనే మూలుగు, గేరు మార్చగానే కింద టక్కుమనే చప్పుడు, మాడిన ఆయిల్ వాసన, వీటిలో ఏదున్నా వదిలేయండి. దారిలో ఆగిపోతే రెండు చక్రాలు ఎత్తి లాక్కుపోనివ్వకండి, ఫ్లాట్‌బెడ్ ట్రక్కే కావాలని పట్టుబట్టండి.

పైన చెప్పిన రీకాళ్లు ఎక్కువగా అమెరికాలో అమ్మిన బళ్లవి. కంపాస్, ఎక్స్‌యూవీ700, గ్రాండ్ విటారాల్లో ఏడబ్ల్యూడీ రకం కొన్న ఆంధ్ర, తెలంగాణ పాఠకులు కంగారుపడక్కర్లేదు. టైర్ల మాట, పార్కింగ్ బ్రేకు మాట మాత్రం వాళ్లకూ అంతే వర్తిస్తాయి. వరద మాట ఇంకా ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులే మునిగాయి. వేడిగా ఉన్న వెనక డిఫరెన్షియల్ నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుని, గాలి గొట్టం గుండా నీటిని పీల్చుకుంటుంది. ఇంజను, బ్రేకులు చూసి ఇచ్చేసే షెడ్లలో దాని బోల్టు ఎవరూ విప్పరు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీరున్నట్టే, వెంటనే మార్పించాలి. వరద చూసిన ఊళ్ల నుంచి వచ్చే చవక బళ్లు కొనేవాళ్లు ఆ బోల్టు తమ కళ్ల ముందే విప్పించాలి.

కంపెనీలను మేం అడిగేవి రెండే. పీటీయూ, వెనక క్లచ్చుల ఆయిల్ ఎన్ని మైళ్లకు మార్చాలో అంకెల్లో రాసి యజమానుల పుస్తకంలో అచ్చువేయండి. అవి వేడెక్కినా, ఆయిల్ తగ్గినా డ్రైవరుకు తెలిసేలా ఒక దీపం పెట్టండి. అది జరిగేదాకా సర్వీసుకు వెళ్లినప్పుడు ఆ రెండు ఆయిళ్లూ చూశామని బిల్లు మీద రాయించుకోండి. తొలి మంచు పడ్డాక సర్వీసు సెంటర్లలో వారాల తరబడి ఖాళీ దొరకదు, ఈ వారమే ఫోన్ చేసి సమయం తీసుకోండి.