పది వేల రూపాయల కొండ

మైదానంలో పేదవాడు ఇల్లు కట్టుకుంటే కేంద్రం లెక్క లక్షా ఇరవై వేలు. కొండ ప్రాంతంలో కట్టుకుంటే లక్షా ముప్పై వేలు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ 2016 నవంబరులో మొదలైన నాటి అంకె ఇది. 2024లో పథకాన్ని మరో అయిదేళ్లు పొడిగించినప్పుడూ దీన్ని ఒక్క రూపాయి కదపలేదు. ఈలోగా సిమెంటు పెరిగింది, ఇనుము పెరిగింది, మేస్త్రీ కూలి పెరిగింది, లారీ కిరాయి పెరిగింది. ప్రభుత్వం దృష్టిలో కొండకూ మైదానానికీ తేడా పది వేలు! ఆ పది వేలతో ఇసుక, కంకర, ఊచలు, యాభై కేజీల సిమెంటు బస్తాలు గెడ్డ దాటించి, రాళ్ల దారిలో పైకెక్కించి ఇల్లు నిలబెట్టుకోమని ఆదివాసీకి చెబుతున్నారు. సాయం పేరు పెట్టి చేసే ఇంతకన్నా పెద్ద అవమానం నాకు తెలియదు.

పాడేరుకు ఎగువన ఒక పల్లెలో అలాంటి ఇంటి పునాది చూశాను. రాతి కట్టు మీద నాచు పట్టింది. నాలుగు మూలలా పైకి లేచిన ఊచలు తుప్పుపట్టాయి. రెండు ఊచల మధ్య తాడు కట్టి పిల్లల బట్టలు ఆరేశారు. గదులు రావాల్సిన చోట గుమ్మడి తీగ పాకింది. పక్కనే పూరిపాక, దాని కప్పు మీద నీలం టార్పాలిన్, గాలికి లేవకుండా పైన రాళ్లు. ఆ ఇల్లాలు పాలిథిన్ కవరులోంచి బ్యాంకు పుస్తకం, ఉపాధి జాబ్ కార్డు తీసి చూపించింది. "పునాదికి ఫొటో తీసారు బాబూ. గోడ లేస్తేనే మళ్లీ డబ్బులంట. డబ్బుల్లేకుండా గోడెలా లేస్తాది?" అంది.

ఆ ఒక్క ప్రశ్న చాలు, పథకం మొత్తం ఎక్కడ కూలిందో చెప్పడానికి. డబ్బు విడతలుగా వస్తుంది. పని ఒక మట్టానికి చేరాలి, ఎవరో వచ్చి ఫోనులో ఫొటో తీయాలి, ఆ ఫొటో ఎక్కాలి, అప్పుడు తర్వాతి విడత. అంటే ముందు నువ్వు పెట్టు, తర్వాత మేం ఇస్తాం అని. చేతిలో నెల ఖర్చుకే లేని ఇంటికి ఈ షరతు పెట్టినవాళ్లు, ఆ ముందు పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుందని ఒక్కసారైనా ఆలోచించారా? షావుకారు దగ్గర నుంచి వస్తుంది. వచ్చే ఏటి పసుపును, కాఫీ గింజలను ముందే తాకట్టు పెడితే వస్తుంది. లేదంటే "మొత్తం నేను చూసుకుంటా, పుస్తకం ఇటివ్వు" అనే మధ్యవాడి దగ్గర నుంచి వస్తుంది. ఇల్లు లేదని చేయి చాచిన కుటుంబం చివరికి ఇల్లూ లేక, అప్పుతో మిగులుతుంది.

గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ కథ మన్యంలో పిల్లలకు కూడా తెలుసు. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించడానికి కొండ జనాన్ని పనిలోకి తోలి, చేసిన పనికి కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి దళం పడడానికి వెనకున్న కోపాల్లో అదొకటి. ఆ అల్లూరి పేరు పెట్టి 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా జిల్లా చేశారు. అదే జిల్లాలో ఇవాళ ఆడవాళ్లు ప్రభుత్వ ఇంటి సిమెంటును నెత్తిన పెట్టుకుని కొండెక్కుతుంటే ఆ మోతకు కూలి ఏ ఖాతాలోనూ పడదు. ఇంటి పనికి ఉపాధి హామీ కింద 90, 95 పనిదినాలు కడతారు. కింద లారీ దించిన చోటు నుంచి పైన ఇంటి దాకా మోసే మోత మాత్రం ఆదివాసీ ఒళ్లు ఉచితంగా చేయాలి. బాస్టియన్ పోయాడు, ఆయన పద్దు పోలేదు.

2023 నవంబరు 15న జార్ఖండ్‌లోని ఖూంటీలో మొదలుపెట్టిన పీఎం జన్‌మన్ పథకం కొంత నయమని ఒప్పుకుంటాను. ఇంటికి 2.39 లక్షలు లెక్క కట్టారు. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం మధ్యలో ఆగిన ఇళ్లు పూర్తి చేయడానికి ఎస్టీలకు 75 వేలు, బలహీన ఆదివాసీ తెగలకు లక్ష అదనంగా ప్రకటించింది. మంచిదే. కానీ జన్‌మన్ బలహీన తెగల జాబితాలో ఉన్నవారికే. గదబ ఇంటికి ఒక ధర, గెడ్డకు అవతలున్న కొండదొర ఇంటికి ఇంకో ధర. ఒకే వాన, ఒకే చలి, ఒకే రాళ్ల దారి. ఇసుక బస్తా మోసేవాడి మెడకు తెగ తెలుస్తుందా? అన్నదమ్ముల్లా ఉన్న పల్లెల మధ్య ఇలా ఒక గీత గీసి, ఆ తర్వాత "మీలో మీకే ఐక్యత లేదు" అని మనకే చెబుతారు.

ఇక అసలు మాట. కొండ మీద ఇల్లు ఒంటరి అర్జీతో రాదు. గ్రీవెన్స్ రోజున తెల్లారకముందే దిగి, ఆటో కిరాయి పెట్టుకుని, వరసలో నిలబడి, కాగితం ఇచ్చి, దాని మీద నంబరు వేయించుకుని తిరిగొచ్చే మనిషిని ఈ వ్యవస్థ ఏళ్ల తరబడి భరించగలదు. ఒక్కొక్కరుగా వస్తున్నంత కాలం దానికి ఏ ఇబ్బందీ లేదు. పల్లెకు పల్లె ఒకే తీర్మానం పట్టుకుని దిగినప్పుడే కుర్చీలు కదులుతాయి. నేను ఆవేశంలో అంటున్న మాట కాదిది, ఈ కొండల చరిత్ర చెబుతున్నది.

అనంతగిరి మండలం నిమ్మలపాడు చూడండి. గనుల కంపెనీలకు లీజులిస్తే అక్కడి గిరిజనులు సమత సంస్థతో కలిసి కదిలారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదని 1997 జులైలో తీర్పు వచ్చింది. 2020లో సాలూరు కొండల్లో కొదమ పంచాయతీ గిరిజనులు రోడ్డు కోసం ఎదురుచూసి విసిగి, తలా కొంత వేసుకుని తామే దారి కొట్టుకున్నారు. వాళ్ల పట్టుదలకు దండం పెడతాను. కానీ ఆ ఖర్చు వాళ్లది కాదు, ప్రభుత్వానిది. ఆ బాకీ వసూలు చేయాల్సిందే.

2025 జనవరిలో విశాఖలో పర్యాటక పెట్టుబడుల సదస్సు జరిగింది. ఏజెన్సీలో హోటళ్లు రావాలంటే 1/70 చట్టం అడ్డుగా ఉంది, మార్చాలని శాసనసభాపతి అయ్యన్నపాత్రుడు అక్కడ అన్నారు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970 నుంచి కాపు కాస్తున్న చట్టమది. పర్యాటకుడికి మంచం వేయడానికి ఆదివాసీ నేల కావాలంటున్నారు. ఆ నేల మీద పుట్టినవాడి పాక కారుతోందని అదే వేదిక మీద ఎవరికీ గుర్తు రాలేదు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం 48 గంటలు బంద్ అయింది. సంఘాలన్నీ జెండాలు పక్కన పెట్టి రోడ్డు మీదికొచ్చాయి. గిరిజన హక్కులకు భంగం కలగనివ్వబోమని ముఖ్యమంత్రి స్వయంగా ప్రకటించాల్సి వచ్చింది. నేల కోసం ఇంత చేయగలిగిన జనం ఆ నేల మీద గోడ కోసం ఎందుకు చేయలేరు? చేయగలరు. చేయాలి.

సంఘాల నాయకులకు కూడా ఒక మాట. ధర్నా రోజున మీరు వస్తారు, నినాదాలిస్తారు, వినతిపత్రం ఇస్తూ ఫొటో దిగుతారు. మర్నాడు ఆ పల్లెలో ఎవరుంటారు? ఇల్లు ధర్నాతో మొదలవుతుంది కానీ ధర్నాతో పూర్తికాదు. పునాదికి ఫొటో ఎప్పుడు తీశారు, విడత ఎప్పుడు పడింది, ఎవరి పుస్తకం ఎవరి దగ్గరుంది అని పల్లెపల్లెకూ ఒక నోటు పుస్తకం పెట్టి రాయాలి. చదువుకున్న ఆడపిల్లలు ప్రతి గూడెంలో ఉన్నారు. వాళ్లకు అప్పగించండి, జెండా కూలీలుగా కాదు, సంఘం లెక్కలు చూసేవారిగా.

కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో పేదరిక నిర్మూలన పథకాలకు ఎవరు అర్హులో తేల్చాల్సింది గ్రామసభ. అదే చట్టం ప్రకారం గ్రామమంటే పంచాయతీ కేంద్రం కాదు, ఒక ఆవాసం, ఒక గూడెం. మరి ఇళ్ల జాబితా ఎక్కడ తయారవుతోంది? సిగ్నలు లేని చోట తెరుచుకోని యాప్‌లో. ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా వస్తే మనిషే లేనట్టు. గ్రామసభ తేల్చిన పేరును యాప్ కొట్టేస్తే తప్పు యాప్‌ది. సరిదిద్దాల్సింది అధికారి. తిరగాల్సింది ఆదివాసీ కాదు.

అటవీ హక్కుల చట్టం ఇంకా సూటిగా ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమిలో ఉన్న గిరిజనుడికి సాగుకే కాదు, నివాసానికీ హక్కు ఉంది. దరఖాస్తు ఫారంలో నివాసానికి ఎంత, సాగుకు ఎంత అని రెండు గడులు వేరుగా ఉన్నాయి. నా కంటబడిన దరఖాస్తుల్లో మొదటి గడి ఖాళీ. పోడు ఎకరాలు రాయించారు, ఇల్లున్న చోటు రాయించలేదు. అందుకే నలభై ఏళ్లుగా కాపురం ఉన్న ఇంటి స్థలం కూడా రికార్డులో అడవే. పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని ఆ చట్టంలోనే రాసి ఉంది. అయినా 2005 తర్వాత, మావోయిస్టులకు ఎదురుగా సర్కారు అండతో లేచిన సల్వాజుడుం మంటలు తప్పించుకుని ఛత్తీస్‌గఢ్ వదిలి పాత ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చిన గొత్తికోయల గుడిసెలను అటవీ సిబ్బంది మళ్లీ మళ్లీ పీకేశారు. ఎక్కడి నుంచో వచ్చారన్నది సాకు. తలదాచుకోవడానికి వచ్చిన ఆదివాసీని రెండోసారి నిలువ నీడ లేకుండా చేయడాన్ని ఏ సాకూ కప్పలేదు.

నివాస హక్కంటే నాలుగు గోడలు మాత్రమే కాదని సుప్రీంకోర్టే చెప్పింది. చమేలీసింగ్ కేసులో, దళితుల ఇళ్ల కోసం సేకరించిన భూమిని అడ్డుకోవడానికి భూమి యజమానులు వెళితే, కోర్టు దళితుల పక్షాన నిలబడింది. గాలి, వెలుతురు, మంచినీళ్లు, కరెంటు, పారిశుద్ధ్యం, రోడ్డు అన్నీ ఆ హక్కులో భాగమేనంది. ఆ కొలత పెడితే, రోడ్డు లేక రోగిని డోలీలో మోసే ప్రతి పల్లె ఇల్లు లేని పల్లే.

పాడేరు ఊళ్లో ఇంకో రకం నిరాశ్రయులున్నారు. పైనుంచి పనికొచ్చి, రోగితో వచ్చి, ఆఖరి బస్సు తప్పి రాత్రి ఎక్కడో ఒక అరుగు మీద ముడుచుకునేవాళ్లు. నగరాల్లో జనాభాను బట్టి రాత్రి ఆశ్రయాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. వాటికి నిధులు పట్టణ పథకాల్లోంచి వచ్చాయి. షెడ్యూల్డు ప్రాంతానికి రాజ్యాంగంలోని మున్సిపాలిటీల అధ్యాయం వర్తించదు కాబట్టి పట్టణ నిధులు కొండెక్కవు. జిల్లా కేంద్రమని బోర్డు పెట్టినవాళ్లు డిసెంబరు చలిలో ఒక కప్పు, నాలుగు దుప్పట్లు, ఆడవాళ్లకు తలుపున్న గది ఏర్పాటు చేయలేరా? గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ తలుచుకుంటే ఈ శీతాకాలంలోపే అయ్యే పని ఇది.

ఇళ్ల స్థలాలు అడిగినందుకు ఈ తెలుగు నేల మీద ప్రాణాలు పోయాయి. 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, భూమి కోసం, ఇళ్ల స్థలాల కోసం జరిగిన బంద్‌లో పోలీసు కాల్పులకు ఏడుగురు చనిపోయారు. ఈ పోరాటం మన దగ్గరే కాదు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో 2005లో గుడిసెవాసులు కట్టుకున్న అబాహ్లాలి సంఘం, తమను ఖాళీ చేయించే చట్టంపై 2009లో రాజ్యాంగ న్యాయస్థానంలో గెలిచింది. అక్కడా ఇక్కడా అడిగింది దయ కాదు, హక్కు.

కాబట్టి పాడేరు కొండల్లోని అన్నలకూ, అక్కలకూ, తమ్ముళ్లకూ ఇదే నా మాట. చోళ్ల కోతలయ్యాక ఊరంతా ఒక రాత్రి కూర్చోండి. అటవీ హక్కుల గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. అది నిబంధన, నిండేలా చూసుకోండి. ఇల్లు లేనివాళ్ల పేర్లు, మధ్యలో ఆగిన ఇళ్ల పేర్లు, తెగ చూడకుండా ఒకే కాగితం మీద రాయండి. మోత కూలి కట్టి ఇవ్వాలని, సామాను కొనడానికి మొదటి విడత ముందే వేయాలని, రాయి, మట్టి, పెంకు లాంటి స్థానిక సామానుతో కట్టుకోనివ్వాలని తీర్మానం చేయండి. అటవీ హక్కుల ఫారంలో నివాసం గడి నింపండి. వేలిముద్రలు, సంతకాలు పెట్టి, నలుగురిని పంపకుండా ఊరంతా కలిసి దిగండి. కాగితం తీసుకున్నవాళ్లను తేదీ వేసి, ముద్ర కొట్టి రసీదు ఇవ్వమనండి. ఐటీడీఏ పీవో గారు మీటింగులో ఉన్నారంటే మీటింగయ్యేదాకా ఉండండి. రసీదు చేతికి రాకుండా ఒక్కరు కూడా తిరిగి కొండెక్కొద్దు.