సూర్యుడు అందరికీ... పైకప్పు కొందరికేనా?

మే నెల మధ్యాహ్నం. ఫిల్మ్ నగర్ బస్తీలో ఒక విశ్వాసి ఇంట గృహ కూడికకు వెళ్లాం. ఒకటే గది, పైన సిమెంటు రేకులు. ఫ్యాను తిరుగుతూనే ఉంది కానీ అది కిందికి తోస్తున్నది వేడిగాలినే. పాటలు పాడుతున్న పిల్లల మొహాల మీద చెమట ధారలు. ఆ ఇంటాయన సినిమా సెట్లలో లైట్‌మన్. ప్రార్థన ముగిశాక మాకు మజ్జిగ అందిస్తూ, "హీరోల మొహాల మీద వెలుగు వేయడమే నా పని అయ్యగారూ. మా ఇంట్లో మాత్రం రెండో ఫ్యాను కొనాలంటే ముందు మీటరు వైపు చూసుకోవాలి" అన్నారు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. అందుకే అది మమ్మల్ని మరింత గుచ్చుకుంది.

బస్తీ దాటి ఎత్తు ఎక్కి జూబ్లీహిల్స్ వైపు తిరిగితే, ఒక పెద్ద భవనం మీద సౌర ఫలకాలు నీలంగా మెరుస్తున్నాయి. రెండు ఇళ్లకూ మధ్య దూరం కొద్ది నిమిషాల నడక. రెంటి మీదా కాస్తున్నది ఒకే ఎండ. ఒక ఇంట్లో ఆ ఎండ కరెంటుగా మారి ఏసీ నడుపుతోంది. మరో ఇంట్లో అదే ఎండ రేకుల గుండా దిగి పసిపిల్లల నిద్ర చెడగొడుతోంది.

పరలోకపు తండ్రి మంచివారిపైనా చెడ్డవారిపైనా ఒకే సూర్యుణ్ణి ఉదయింపజేస్తాడని యేసు ప్రభువు కొండమీద బోధించాడు (మత్తయి 5:45). దేవుని పంపకంలో పక్షపాతం లేదు. అయితే ఆకాశం నుంచి సమానంగా దిగిన వరం నేల మీదికి వచ్చేసరికి ఎందుకు కొందరిదే అవుతోంది? ఈ ప్రశ్న ఇంజినీర్లకే కాదు, విశ్వాసులకు కూడా.

లెక్క చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో 'పీఎం సూర్య ఘర్' పథకాన్ని ప్రారంభించింది. ఇంటి పైకప్పు మీద సౌర ఫలకాలు పెట్టుకుంటే మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయలు రాయితీగా ఇస్తారు. మంచి పథకమే. కానీ దాన్ని అందుకోవాలంటే ఇల్లు సొంతదై ఉండాలి, ఫలకాలకు అనువైన పైకప్పు ఉండాలి. ఒక కిలోవాటుకు నీడ పడని చోటు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి. మిగతా ఖర్చు చేతి నుంచి పెట్టుకోవాలి. అద్దె గదిలో ఉండే లైట్‌మన్‌కు, కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి గది పంచుకునే జూనియర్ ఆర్టిస్టుకు ఇందులో చోటెక్కడ? ఎవరినీ కావాలని తోసివేయలేదు. అయినా పైకప్పు లేనివాడు ఆ బల్ల దగ్గరికి రాలేకపోయాడు.

పేదలకు మరో ఏర్పాటు ఉంది కదా అనవచ్చు. నిజమే. తెలంగాణ ప్రభుత్వం 2024లో తెచ్చిన గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. అది ఎన్నో ఇళ్లకు ఊరట. కానీ 200 దాటిందా, ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. రేకుల ఇంట్లో వేసవిలో ఆ గీత దాటడం ఎంత సులువో అక్కడ ఒక్క రాత్రి పడుకున్నవారికి తెలుస్తుంది. ఒకరికి సొంత కరెంటు, మరొకరికి ఉచిత కరెంటు. చూడడానికి రెండూ సాయాలే. అయితే మొదటివాడు తన ఇంటిపై ఏళ్ల తరబడి ఉండే ఆస్తి సంపాదించుకున్నాడు. రెండోవాడు ప్రతి నెలా మీటరు చూసుకుంటూ బతకాలి.

ఆదిమ సంఘంలోనూ సరిగ్గా ఇలాంటి చిక్కే వచ్చింది. యెరూషలేములో విశ్వాసుల సంఖ్య పెరిగింది. రోజూ ఆహారం పంచిపెట్టేటప్పుడు గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అందడం లేదని సణుగుడు మొదలైంది (అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం). ఆహారానికి కొరత లేదు. పంచేవారిలో ద్వేషం ఉందనీ లేఖనం చెప్పదు. పంపకపు ఏర్పాటులోనే లోపం ఉంది, కొందరు కనబడకుండా పోయారు. అపొస్తలులు 'ప్రార్థించండి, సర్దుకుపోండి' అని వారిని పంపేయలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు, ఆ పని వారికి అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అందలేదో వారి పక్షం నుంచే పంచేవారిని ఎంచుకున్నట్టు కనిపిస్తుంది. వారి మీద చేతులుంచి ప్రార్థన చేశారు. బల్ల దగ్గర సేవకు కూడా ఆత్మతో నిండినవారు కావాలని ఆ సంఘం నమ్మింది.

మన నగరంలో ఆ బల్ల దగ్గర సేవ ఎవరిది? చాలావరకు నగరపాలక సంస్థది. కరెంటు తయారుచేయడం దాని పని కాదు, నిజమే. కానీ 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 బాధ్యతల జాబితా ఇచ్చింది. వీధి దీపాలు, మురికివాడల అభివృద్ధి, పర్యావరణ పరిరక్షణ, బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ అందులోనే ఉన్నాయి. పర్యావరణం, బలహీనుల రక్షణ ఒకే జాబితాలో పక్కపక్కనే ఉన్నాయన్నమాట. వాటిని కలిపి చూడడమే మిగిలింది.

చూసిన సందర్భం ఒకటి ఉంది. 2017లో హైదరాబాద్‌లో 25 పేద ఇళ్ల పైకప్పుల మీద ఎండను వెనక్కి కొట్టే తెల్లని పొర పరిచి చూశారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఆ అనుభవం కూడా తోడై, 2023 ఏప్రిల్‌లో తెలంగాణ 'కూల్ రూఫ్' విధానం ప్రకటించింది. దాని ప్రకారం 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పు తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకు ఇష్టాన్ని బట్టి. చట్టం రాసే చేతికి ఇది సబబుగానే తోచి ఉంటుంది, చిన్నవారి మీద భారం వేయకూడదు కదా! కానీ ఫలితం చూడండి. వేడికి తట్టుకోగలిగిన జూబ్లీహిల్స్ భవనం చల్లబడాలని నియమం ఉంది. వేడికి ఉడికిపోయే బస్తీ గది మాత్రం దాని ఇష్టానికి వదిలేయబడింది. పేదవాడికి కావలసింది నియమం నుంచి మినహాయింపు కాదు, ఆ పొర కొనడానికి సాయం.

నగరపాలక సంస్థ చేయగల పని ఇక్కడే ఉంది. రేకుల ఇళ్లకు చల్లని పొరను తన ఖర్చుతో ముందుగా వేయవచ్చు. సొంత పైకప్పు లేనివారికి ఉమ్మడి పైకప్పు చూపవచ్చు. కమ్యూనిటీ హాళ్లు, వార్డు కార్యాలయాలు, మార్కెట్ భవనాలు ప్రజలవే. ఒక చోట తయారైన సౌర విద్యుత్తును అనేక ఇళ్ల బిల్లుల్లో జమచేసే 'వర్చువల్ నెట్ మీటరింగ్' పద్ధతికి ఢిల్లీలో 2019లోనే మార్గదర్శకాలు వచ్చాయి. దీనికి విద్యుత్ నియంత్రణ మండలి, పంపిణీ సంస్థ కూడా కలిసి రావాలి. కానీ బస్తీ తరఫున వారి తలుపు తట్టవలసింది నగరపాలక సంస్థే.

'ఇదంతా రాజకీయం, మనకెందుకు?' అనే మాట మన సంఘాల్లో తరచూ వింటాం. ఆ మాట ఇంకా చాలామంది అంటున్నట్టే ఉంది. 2020 డిసెంబరులో జరిగిన జీహెచ్ఎంసీ ఎన్నికల్లోనూ, 2025 నవంబరులో జరిగిన జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలోనూ ఓటర్లలో సగం మంది కూడా పోలింగ్ కేంద్రానికి రాలేదు. బబులోను చెరలో ఉన్నవారికి సైతం, తాము నివసిస్తున్న పట్టణపు క్షేమం కోరి దానికోసం ప్రార్థించమని దేవుడు యిర్మీయా ద్వారా ఉత్తరం రాయించాడు (యిర్మీయా 29:7). పరాయి పట్టణం విషయంలోనే అలా ఉంటే, మన ఓటుతో నడిచే సొంత నగరం సంగతి ఏమిటి? ఆదివారం పట్టణం కోసం ప్రార్థించి, సోమవారం వార్డు కార్యాలయంలో ఒక అర్జీ ఇవ్వడానికి సిగ్గుపడితే ఆ ప్రార్థన సగంలో ఆగినట్టే.

అడిగే ముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి. మన మందిరాలకు విశాలమైన పైకప్పులున్నాయి. వారంలో ఎక్కువ రోజులు కింద ఫ్యాను తిరగదు, పైన మాత్రం ఎండ కాస్తూనే ఉంటుంది. కొత్త సౌండ్ సిస్టమ్ కోసం చందా పోగుచేసే సంఘం, సౌర ఫలకాల కోసం కూడా పోగుచేయగలదు. అలా మిగిలిన కరెంటు ఖర్చుతో ఏటా వేసవికి ముందే బస్తీలో రెండు మూడు రేకుల ఇళ్లకు తెల్లని పొర వేయించగలదు. మనం చేసి చూపినప్పుడే అధికారుల ముందు మన మాటకు బరువు ఉంటుంది.

ఆ ఏడుగురి నియామకం తర్వాత దేవుని వాక్యం ప్రబలింది, శిష్యుల సంఖ్య విస్తరించిందని లేఖనం చెబుతోంది. పంపకం సరిచేయడం సువార్తకు అడ్డు కాలేదు, దారి వేసింది. హీరో మొహం మీద వెలుగు వేసే ఆ సోదరుడి ఇంటి మీద కూడా దేవుడు రోజూ సూర్యుణ్ణి ఉదయింపజేస్తున్నాడు. దేవుడు చేయవలసింది చేశాడు. పంచవలసింది మనం.